రెండో రోకలి

దయామణికి పియానో మీద మొదట దక్కిన పని దుమ్ము తుడవటం. మార్కాపురం మిషను బంగళాలో ఆమె తల్లి ఎలీషబా వంటమనిషి. ఎండాకాలంలో పలకల గనుల వైపు నుంచి లేచే సన్నటి బూడిదరంగు దుమ్ము తలుపులు మూసినా ఆగేది కాదు. హాల్లో ఉన్న ఆ నల్లటి వాద్యం మీద పొరలాగా పేరుకునేది. చెదలు ఎక్కకుండా దాని కాళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టేవాళ్ళు. దయామణి గిన్నెల్లో నీళ్ళు మార్చి, మూత తెరిచి, మెట్లు ఒక్కొక్కటీ గుడ్డతో ఒత్తేది. లోపలి నుంచి వచ్చే శబ్దం కోసం తుడిచిన మెట్టునే మళ్ళీ తుడిచేది. అది గమనించిన దొరసాని ఒకరోజు గుడ్డ పక్కన పెట్టించి, పిల్ల వేళ్ళను తన చేత్తో మెట్ల మీద పరిచింది.

తల్లీకూతుళ్ళు రాచర్ల దగ్గరి ఒక పల్లె నుంచి మార్కాపురం వచ్చినవాళ్ళు. పెద్ద జ్వరాలు వచ్చిన ఏడు ఎలీషబా భర్త పోయాడు. అదే వారంలో ఆమె తోడికోడలు పోలమ్మ కూడా పోయింది. చేలల్లో కూలి చేసుకునే ఆ ఇంట్లో మిగిలింది ఎలీషబా, ఏడేళ్ళ దయామణి. బంగళాలో పని దొరికిందని తెలిసి, కూతుర్ని వెంటబెట్టుకుని కంభం మీదుగా వచ్చి చేరింది.

దొరసాని నేర్పింది కీర్తనలు. దయామణి పదిహేనో ఏట గుడిలో ఆర్గను ముందు కూర్చుంది. ఆ తర్వాత ట్రెయినింగు పూర్తిచేసి మిషను బడిలో టీచరు అయింది. ఎలీషబా ప్రతి ఆదివారం ఆడవాళ్ళ వరసలో ముందు చాప మీద కూర్చుని, కూతురు వేళ్ళనే చూస్తూ పాడేది. బిడ్డను కన్నది తనే అయినా, ఆ వేళ్ళు దేవుడు విడిగా పంపినవని ఆమె నమ్మకం.

అర్ధవీడు పిల్లవాడు నిత్యానందంతో దయామణికి పెళ్ళయింది. అతను దొనకొండ రైలు షెడ్డులో ఫైర్‌మన్. మాట తక్కువ మనిషి. ఇంజన్ బొగ్గు అతని గోళ్ళలోంచి ఎప్పుడూ పూర్తిగా పోయేది కాదు. దొనకొండలో దొరలూ, సగం దొరలూ అయిన డ్రైవర్లకు, గార్డులకు ఒక ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అందులో పియానో ఉండేది, శనివారం డ్యాన్సు ఉండేది. నిత్యానందం లాంటివాళ్ళు వెనక వరండా దాకా పోవచ్చు, అంతే. ఒక క్రిస్మసు ముందు అక్కడ పియానో వాయించే గార్డు భార్య చలిజ్వరంతో మంచం పట్టింది. "మా ఇంటామె వాయిస్తది సార్," అని నిత్యానందం తన డ్రైవరుతో చెప్పాడు. తెల్లచీర కట్టుకుని, తల వంచుకుని లోపలికి వెళ్ళిన దయామణి ముందు పెట్టిన స్వరాల కాగితాలు చూసి తప్పు లేకుండా వాయించింది. అందరూ ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం తీరాక డ్యాన్సు చేశారు.

ఆమెకు అసలు జరిగింది ఆ తర్వాత. విరామంలో ఒక డ్రైవరు బొంబాయి నుంచి తెప్పించిన అమెరికా రికార్డు గ్రామఫోను మీద పెట్టాడు. అందులో ఎవరో పియానో వాయిస్తున్నారు. కీర్తనలో ఎడమ చెయ్యి కుడి చేతికి కాపలా. ఇక్కడ ఎడమ చెయ్యి తన దారిన తాను గట్టిగా అడుగులేసుకుంటూ పోతోంది. కుడి చెయ్యి దాన్ని అందుకోవాలని తొందరపడకుండా, కావాలనే రవ్వంత వెనకగా, నవ్వుకుంటూ వస్తోంది. దయామణి చేతిలో టీ చల్లారిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె చీర కూడా మార్చుకోకుండా దీపం ముందు కూర్చుంది.

"ఏందట్ల ఉండావు?" అన్నాడు నిత్యానందం.

"ఆ రికార్డు ఇంగొకసారి వినాల."

"అది పాపమేమో మణీ."

"పాపమైతే నా వేళ్ళు ఇట్ల ఎందుకు కదులుతుండాయి?"

నిత్యానందం దీపం వెలుగులో ఆ వేళ్ళ వైపు చూశాడు. చీర కుచ్చిళ్ళ మీద అవి నిజంగానే నడుస్తున్నాయి. అతను మర్నాడు డ్రైవరును బతిమాలి గ్రామఫోను ఇంటికి తెచ్చాడు. ఇంట్లో పియానో లేదు కాబట్టి దయామణి రొట్టెలు చేసే పీట మీద వేళ్ళతో నేర్చుకుంది. ఇన్‌స్టిట్యూట్ ఖాళీగా ఉండే మధ్యాహ్నాలు వెళ్ళి, నేర్చుకున్నది పియానో మీద సరిచూసుకునేది. గార్డు భార్య జ్వరం నుంచి లేచాక కూడా డ్యాన్సులకు దయామణినే పిలిచారు.

మద్రాసు నుంచి ఏటా క్రిస్మసుకు ఒక బ్యాండు వచ్చేది. దాని మాస్టరు గోవా ఆయన, ట్రంపెట్ వాయిస్తాడు. మూడో ఏడు వచ్చినప్పుడు ఆయన దయామణి పక్కన నిలబడి ఒక పాట మొత్తం విన్నాడు. తర్వాత ట్రంపెట్ పెట్టెలో పెట్టుకుంటూ, "టీచరమ్మా, మీరు ఇక్కడ ఉండాల్సిన మనిషి కాదు," అన్నాడు. మౌంట్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో తన బ్యాండు కుదిరిందనీ, పియానోకు మనిషి కావాలనీ చెప్పాడు. నిత్యానందం మద్రాసులోని పెరంబూరు షెడ్డుకు బదిలీ అడిగి తెచ్చుకున్నాడు.

సెలవు తీసుకోవటానికి మార్కాపురం వెళితే ఎలీషబా పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"బంగళాలో గిన్నెలు తోమి నిన్ను టీచరమ్మను చేసినా. తాగేవాళ్ళ కాడ వాయించేదానికా?"

"వాళ్ళు తాగుతారమ్మా. నేను వాయిస్తా."

"దేవునికి వాయించిన చేతులు కదమ్మీ అవి."

అల్లుడు ముందుకొచ్చి, "నేను తోడుంటా అత్తా," అన్నాడు. ఎలీషబా అతనికి కొర్రన్నం, చింతపండు పులుసు వడ్డించింది. కూతురికి కూడా వడ్డించింది గానీ మొహం చూడలేదు.

మద్రాసు సంగతి సంఘానికి తెలియటానికి ఎంతో కాలం పట్టలేదు. పాస్టరు అబ్రహాము మెత్తని మనిషి. పెద్దలు గట్టివాళ్ళు. సారాయి పారే చోట డ్యాన్సులకు వాయించే ఆడమనిషిని, గుడిలో రొట్టె, ద్రాక్షరసం అందుకునే ప్రభువు బల్లకు రానివ్వకూడదని వాళ్ళు తీర్మానం చేశారు. అబ్రహాము దాన్ని గుడిలో చదివి వినిపించాడు. ఆ ఆదివారం రొట్టె పళ్ళెం వరసలో తన దగ్గరికి వస్తే, ఎలీషబా ముట్టకుండా పక్కామెకు అందించింది. తర్వాతి నెలా అదే చేసింది. పాస్టరు ఇంటికొచ్చి అడిగాడు.

"నా బిడ్డకు లేని బల్ల నాకొద్దయ్యా."

"ఎలీషబమ్మా, ఆ పిల్ల చేసేది ఒప్పంటావా మరి?"

"తప్పే. నేను ఒప్పని యాడ చెప్పినా? తప్పు చేసిన బిడ్డకు కూడు పెట్టని తల్లి ఉంటదా అయ్యా?"

పాస్టరు టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ సంగతి ఎలీషబా కూతురికి చెప్పలేదు. మార్కాపురం నుంచి పెరంబూరు వచ్చిన బంధువొకరు మాటల మధ్య అనేదాకా దయామణికి తెలియలేదు. తెలిసిన రోజు ఆమె హోటలుకు వెళ్ళింది, వాయించింది, తిరిగొచ్చింది. అన్నం మాత్రం తినలేకపోయింది.

హోటల్లో మేనేజరు ఆమెను మొదటిరోజు చూసి మాస్టరును పక్కకు పిలిచాడు. ఇంత నల్లటి మనిషిని దొరల ఎదుట ఎట్లా కూర్చోబెట్టటం అని ఆయన బాధ. చివరికి పియానో ముందు కుండీల్లో ఈత మొక్కలు వరసగా పెట్టించాడు. బ్యాండువాళ్ళ పేర్లు అచ్చు వేసిన కాగితంలో ఆమె పేరు డెయిజీ అని పడింది. దయామణి ఆకుల సందుల్లోంచి మాస్టరు భుజం కదలిక చూసుకుంటూ వాయించేది. ఎవరెవరివో పాటలు వాయించి వాయించి, కొన్నాళ్ళకు సొంతంగా కట్టటం మొదలుపెట్టింది. ఆమె కట్టినవాటిలో రెండు మూడు నెమ్మదైన పాటలు డ్యాన్సుకు బాగా కుదిరి, జనం మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళు.

వాటన్నిటికీ భిన్నంగా ఒకటి ఉండేది. చిన్నప్పుడు రాచర్ల దగ్గరి ఇంట్లో తల్లి, పెద్దమ్మ పోలమ్మ ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో కొర్రలు దంచేవాళ్ళు. ఒక రోకలి పడుతుంటే ఒకటి లేచేది. ఆ శబ్దం దయామణికి మనుషుల మొహాల కంటే బాగా గుర్తు. దాన్ని ఎడమ చేతిలో పెట్టింది. మొదటి దెబ్బ సరిగ్గా పడుతుంది. రెండోది పడాల్సిన చోట పడదు, రవ్వంత ఆగి పడుతుంది. అట్లా ఎందుకు వస్తోందో ఆమెకే తెలియదు. సరిచేద్దామని చూస్తే పాటలో ప్రాణం పోయేది. అందుకని అట్లాగే ఉంచింది. బ్యాండు దాన్ని మొదటిసారి వాయించినప్పుడు డ్యాన్సు చేసేవాళ్ళ అడుగులు చిక్కుపడి సగం మంది ఆగిపోయారు. మేనేజరు కోప్పడ్డాడు. మాస్టరు మాత్రం పట్టు వదల్లేదు. జనం పలచబడ్డాక, కూర్చుని వినేవాళ్ళు నలుగురు మిగిలినప్పుడు, ఆ పాట పెట్టించేవాడు.

జపానువాళ్ళు బాంబులు వేస్తారని మద్రాసు ఖాళీ అయిన ఏడు హోటలు మూశారు. బ్యాండువాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. నిత్యానందాన్ని మళ్ళీ దొనకొండకు వేశారు. అక్కడ యుద్ధం కోసం విమానాల మైదానం తయారైంది. ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పుడు సోల్జర్లు కూడా కనిపిస్తున్నారు. వాళ్ళ డ్యాన్సులకు దయామణి వాయించేది. ఇక్కడ ఈత మొక్కలు ఎవరూ అడ్డం పెట్టలేదు.

ఎలీషబా మార్కాపురం వదిలి రానంది. పనికి ఓపిక లేక బంగళా వాళ్ళిచ్చిన గదిలో ఉండేది. అప్పుడప్పుడు రైల్లో వచ్చి నాలుగు రోజులుండి పోయేది. కూతురు ఏం వాయిస్తుందని ఆమె ఎన్నడూ అడగలేదు. దయామణీ చెప్పలేదు. ఒకసారి వచ్చినప్పుడు, చిక్కుళ్ళు ఒలుస్తూ తల ఎత్తకుండా అంది.

"బల్ల వదిలిపెట్టి ఇన్నేండ్లాయ. దేని కోసం వదిలినానో ఒకపారి వినాల గదా."

మర్నాడు మధ్యాహ్నం దయామణి తల్లిని ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకుపోయింది. హాలు ఖాళీగా ఉంది. కుర్చీలో కూర్చోమంటే ఎలీషబా ఒప్పుకోక గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. దయామణి ముందు తల్లికి తెలిసిన కీర్తన వాయించింది. తర్వాత రోకళ్ళ పాట ఎత్తుకుంది.

పాట మధ్యలో గుమ్మం దగ్గర ఒక సోల్జరు వచ్చి నిలబడ్డాడు. అమెరికా వాడు. చేతిలో క్లారినెట్ పెట్టె ఉంది, మనిషి నల్లగా ఉన్నాడు. దయామణి ఆపబోతే, ఆపొద్దని చెయ్యి ఊపాడు. పాట అయ్యాక దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో అడిగాడు. "ఆ రెండో దెబ్బ దగ్గర మీరు ఆగుతున్నారు. రికార్డుల్లో విని నేర్చుకున్న ఆగటం కాదది. ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అట్లా వచ్చింది," అంది దయామణి.

ఎలీషబా గోడ దగ్గర నుంచి, "ఎవురమ్మీ ఈ అబ్బి? మన మాదిరే ఉండాడు. ఏమంటున్నాడు?" అంది.

దయామణి చెప్పింది. ఎలీషబా చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"అది పోలక్క చెయ్యి."

"పెద్దమ్మదా?"

"ఆసామి కళ్ళంలో రాలిన గింజలు ఏరుకుందని మీ పెద్దమ్మను కట్టెతో కొట్టినారు. నువ్వు అప్పటికి పుట్టలా. కుడి బుజం ఇరిగింది. కట్టు కట్టించే దిక్కు యాడిది మాకు? అట్లనే అతుక్కునింది. అప్పట్నించి ఆ చెయ్యి సరిగా లేసేది కాదు. రోకలి ఎత్తితే ఒక్క రవ్వ ఎనకబడేది. నేను ఆగేదాన్ని. ఆగకుంటే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి గదా. ఒక్కదాన్నే దంచుతాలే అంటే ఒప్పేది కాదు. కూచోని తినేదానికి నాకు సిగ్గులేదా అనేది."

దయామణి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళు మద్రాసు హోటల్లో, సిల్కు గౌన్ల మధ్య తను వాయించింది ఒక విరిగిన భుజం. ఆమెకు తెలియదు. చేతికి తెలుసు.

సోల్జరు ఎదురుచూస్తున్నాడు. దయామణి తల్లి చెప్పినదంతా, ఒక్క మాట కూడా వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది. అతను టోపీ తీశాడు. వెళ్ళి ఎలీషబా ఎదురుగా నేల మీద కూర్చుని, "ఆమె పేరు ఏమిటి?" అని ఆమెనే అడిగాడు. ఆ ప్రశ్నను దయామణి తెలుగులో చెప్పింది. "పోలమ్మ," అంది ఎలీషబా. అతను ఆ పేరు సరిగ్గా పలికేదాకా మళ్ళీ మళ్ళీ అన్నాడు.

తర్వాత క్లారినెట్ తీశాడు. ఇద్దరూ కలిసి ఆ పాటను మొదటి నుంచి వాయించారు. రెండో దెబ్బ వచ్చిన ప్రతిచోటా అతనూ ఆగాడు. ఎలీషబా చూపు కూతురు వేళ్ళ మీద లేదు. కళ్ళు మూసుకుని ఉంది. ఆమె రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళ మీద లేస్తూ పడుతూ ఉన్నాయి.

ఆ సోల్జరును వారం తిరక్కుండానే ఎక్కడికో పంపించారు. అతని సంగతి మళ్ళీ తెలియలేదు. దయామణి అప్పటిదాకా పేరు పెట్టని ఆ పాటకు పైన "పోలమ్మ" అని రాసుకుంది.

వచ్చిన ఎండాకాలంలో ఎలీషబా జబ్బుపడింది. దయామణి మార్కాపురం వెళ్ళి తల్లి మంచం పక్కనే ఉంది. ఇక లేవదని అందరికీ తెలిశాక పాస్టరు అబ్రహాము వచ్చాడు. ఆయనా ముసలివాడైపోయాడు. రొట్టె, ద్రాక్షరసం గుడ్డలో కట్టుకుని తెచ్చాడు.

"ఎలీషబమ్మా, పట్టు చాలించు. ప్రభువు శరీరం తీసుకో."

"నా బిడ్డకిస్తావా?"

అబ్రహాము దయామణి వైపు తిరిగాడు. "అమ్మా, ఒక్క మాట చెప్పు చాలు. చేసిందానికి పశ్చాత్తాపపడుతుండా అను. పెద్దలకు నేను చెప్పుకుంటా. ఇద్దరికీ ఇస్తా."

దయామణి తల్లి మొహం చూసింది. ఆ పెదవులు ఎండిపోయి పగిలి ఉన్నాయి. ఇన్నేళ్ళు తన కోసం ఆ బల్లకు దూరంగా ఉండిపోయిన మనిషి. ఒక్క మాట. ఎవరికి ఏం నష్టం?

"చెప్తానయ్యా," అంది.

ఎలీషబా కూతురి మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం మిగిలి ఉందని దయామణి అనుకోలేదు.

"వద్దమ్మీ. నేను విన్నా గదా నువ్వు వాయించేది. దాని మింద అబద్ధం చెప్పి తెచ్చిన రొట్టె నా గొంతు దిగదు."

"అమ్మా, నీ కోసం..."

"నా కోసమే వద్దంటుండా."

అబ్రహాము చేతిలో గుడ్డ మూట అట్లాగే ఉంది. విప్పి ఇవ్వటానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. తిరిగి తీసుకుపోవటానికి మనసు రాలేదు. చాలాసేపు నిలబడి, ప్రార్థన చేసి, మూటతోనే వెళ్ళిపోయాడు. ఎలీషబా మర్నాడు పొద్దున పోయింది. రొట్టె లేకుండానే పోయింది.

బల్ల వదిలేసిన మనిషికి మిషను సమాధుల దొడ్డిలో చోటు ఇవ్వటానికి వీల్లేదని పెద్దల్లో ఇద్దరు అన్నారు. అక్కడ మాత్రం అబ్రహాము తగ్గలేదు. "ఆ గుంతలోకి నన్ను దింపి, ఆమెను బయట పెట్టండి," అన్నాడు. అప్పటిదాకా ఆయన గొంతు పెంచటం ఎవరూ వినలేదు. పెద్దలు పక్కకు జరిగారు. నిత్యానందం, పల్లె నుంచి వచ్చిన బంధువులు పెట్టె దించారు. దయామణి మట్టి వేసింది. ఆమె ఏడవలేదు. ఏడుపు ఆ తర్వాత చాలా రోజులకు, తల్లి చీరలు మడత పెడుతుండగా వచ్చింది.

ఆ శనివారం సాయంత్రం అబ్రహాము ఎలీషబా ఉండిన గది దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"రేపు గుడికి రామ్మా. ఆర్గను వాయించు. పశ్చాత్తాపం గిశ్చాత్తాపం ఏమీ అడగను. పెద్దలు ఏమన్నా అననీ."

దయామణి ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది.

"ఈ మాట మా అమ్మ మంచం కాడ అనింటే పరిగెత్తుకుంటా వచ్చేదాన్నయ్యా," అంది మెల్లగా. "మీ మీద నాకు కోపం లేదు. రాను."

ఆ ఆదివారం మార్కాపురం గుడిలో ఆర్గను మూసే ఉంది. జనం గొంతులతోనే పాడారు. అబ్రహాము ప్రసంగం మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడని వెళ్ళినవాళ్ళు చెప్పుకున్నారు. అదే సమయానికి దయామణి, నిత్యానందం జట్కా బండిలో స్టేషను దారి పట్టారు.

యుద్ధం అయిపోయిన చలికాలంలో మద్రాసు హోటలు బ్యాండు మళ్ళీ కూడింది. మాస్టరు కబురు పెడితే దయామణి వెళ్ళింది, నిత్యానందం మళ్ళీ పెరంబూరుకు మార్పించుకున్నాడు. వెళ్ళిన మొదటిరోజే అచ్చు కాగితంలో తన అసలు పేరు వేస్తేనే కూర్చుంటానని చెప్పింది. మేనేజరు మారాడు కాబట్టి అది పెద్ద గొడవ కాలేదు. రెండేళ్ళు వాయించింది. తర్వాత దొరలు ఓడలెక్కారు. వాళ్ళతోపాటు డ్యాన్సులూ పోయాయి. బ్యాండులో కొందరు ఇంగ్లండు పోయారు. మాస్టరు సినిమా పని వెతుక్కుంటూ బొంబాయి వెళ్ళాడు, ఆమెనూ రమ్మన్నాడు. నిత్యానందానికి అప్పటికే బొగ్గు పొగతో ఆయాసం పట్టింది. దయామణి అతన్ని వదిలి వెళ్ళలేదు.

ఆమె పాటలను ఏ కంపెనీ రికార్డు చేయలేదు. పెరంబూరులో రైల్వే వాళ్ళ పిల్లలకు పియానో నేర్పుతూ ఆమె అక్కడే ఉండిపోయింది. సొంత పాటలు అడిగినవాళ్ళకు వాయించేది. అడిగేవాళ్ళు తక్కువ.